కూజాలోంచి తీసినది

సాన్ మర్తీనో పండగనాడు మధ్యాహ్నం, ఊరంతా ఇంకా భోజనాల దగ్గరుండగానే, వెనెరా చెయ్యి కడుక్కుని తొక్కుడు కొట్టానికి బయల్దేరింది. చేతిలో పొడుగుకాడ గరిటె ఒకటి, ఏప్రన్ జేబులో అక్రోటుకాయ ఒకటి. పొద్దున్నే చర్చిలో ఫాదరుకి పాపాలన్నీ చెప్పుకుని పాపసంకీర్తనం చేసుకొచ్చింది గనుక ఈ రోజంతా నోట అబద్ధం రానివ్వకూడదని గట్టిగా అనుకుంది. అబద్ధమాడకుండా ఏడుగురు మగాళ్ళని ఎలా బోల్తా కొట్టించాలన్నది ఆమె ఏడాదిగా నానబెట్టిన ఆలోచన.

నవంబరు అయినా ఎండ చురుక్కుమంటోంది. పైన ఎత్నా అగ్నిపర్వతం తీరిగ్గా పొగ వదులుతోంది. నల్లరాతి గట్ల వెంట కోత అయిపోయిన ద్రాక్షమొక్కలు మోకాలెత్తున ఒంటరిగా నిలబడి ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా పై గట్లు వెనెరావి. వాళ్ళ నాన్న చిరీనో పోయాక మూడేళ్ళుగా ఆమే తవ్వుతోంది, ఆమే కోస్తోంది, ఆమే తొక్కుతోంది. వయసు యాభై ఎనిమిది. మోకాళ్ళ నొప్పులున్నాయి గానీ నోటికి ఏ నొప్పీ లేదు.

ఇక్కడ ఆట సంగతి చెప్పాలి, లేకపోతే ఆ గరిటె ఎందుకో అర్థం కాదు. మా పియెత్రలోంగా పల్లెలో ద్రాక్ష తొక్కే కొట్టం ఒక్కటే. అందులో ముక్కాలిపీటలు ఎనిమిది. పీట ఉన్నవాళ్ళకే కొట్టంలో పళ్ళు తొక్కుకునే వంతు. పీట లేనివాడు పళ్ళని కిలోల లెక్కన టౌను లారీకి ఎక్కించి చేతులు దులుపుకోవాల్సిందే. మర్తీనో పండగనాడు పీటకొకటి చొప్పున కొత్త వైన్ కూజాలు బల్ల మీద పెడతారు. అంతకుముందు మన వైన్ మనం నాలుకకి అంటించి చూసుకోవచ్చు గానీ గ్లాసు తాగకూడదు. ఈ బల్ల దగ్గర పదిమంది నోట పడితేనే అది వైన్ అయినట్టు.

పొద్దున ఫాదరొచ్చి కూజాలని దీవించి వెళతాడు. మధ్యాహ్నం ఎనిమిది మందీ కూర్చుని ఒక్కసారిగా వేళ్ళు చాపుతారు. ఆ వేళ్ళన్నీ కూడి చుట్టూ లెక్కపెడితే, లెక్క ఎవరి దగ్గర ఆగుతుందో ఆ పూటకి వాడే యజమాని. యజమాని తనకో కిందివాణ్ణి పెట్టుకుంటాడు. యజమాని చెప్పాలి, కిందివాడు సరేననాలి, అప్పుడే ఎవరి గ్లాసులోనైనా చుక్క పడేది. బతిమాలచ్చు, పొగడచ్చు, పాడచ్చు, తిట్టచ్చు. చివరికి ఒకరిని మాత్రం నోరు తడవకుండా కూర్చోబెడతారు. ఆ మనిషిని ఎండుమాను అంటారు, దూలం మీద ఆ పీటకి కత్తితో ఒక గాటు పెడతారు. వరసగా మూడేళ్ళు మూడు గాట్లు పడితే పీట పోయినట్టే.

ఇంకో రెండు నియమాలున్నాయి. సాయంత్రం చర్చి గంట కొట్టేలోపు కూజాలన్నీ ఖాళీ కావాలి. చుక్క మిగిలితే యజమాని పీటే పోతుంది, వైన్‌ని పారబోసే పాపమంటే పెద్దలకి అంత కోపం మరి. రెండోది, ఎండేది ఒక్కరే అయ్యుండాలి. ఇద్దరు ఎండితే ఆ ఏడు గాటే లేదు. ఈ రెండో నియమం ఎవరికీ గుర్తులేదు. గుర్తుండాల్సిన అవసరమూ రాలేదు, పోసిన వైన్‌ని వద్దన్నవాడు మా పల్లెలో అంతవరకూ పుట్టలేదు గనుక.

వెనెరా పీటకి అప్పటికే రెండు గాట్లున్నాయి. రెండూ దెల్ఫో పెట్టించినవే.

దెల్ఫోది బారెడు మీసం, పీపాలాంటి ఒళ్ళు. కొట్టంలో ఎవరి వంతు ఏ రోజో నిర్ణయించేది అతనే. అతనితో పెట్టుకున్నవాడి వంతు వానలు మొదలయ్యాక వస్తుంది, పళ్ళు బుట్టల్లోనే కుళ్ళిపోతాయి. అందుకని అతను వేళ్ళు చాపేటప్పుడు కనురెప్పపాటు ఆలస్యంగా, అందరివీ చూసుకుని మరీ చాపుతాడని తెలిసినా ఎవరూ నోరెత్తరు. టౌనునుంచి వచ్చిన అల్లుడు ఇక్కడ రెండు గట్లు కొన్నాడు, వాడికో పీట కావాలి. వెనెరాకి మగదిక్కు లేదు, కాబట్టి ఆమె పీట మీద కన్నేశాడు. అంతకన్నా వెనెరాకి మండిపోయేది ఇంకోటుంది. ఆ రెండేళ్ళూ దెల్ఫో ఆమె కూజాని ఆఖరికి పెట్టుకుని, ఎవరికీ గుక్కెడైనా ఇవ్వకుండా తనే తాగేశాడు. దాంతో నాన్న చెయ్యి లేకుండా తను చేసింది వైనో, వట్టి పులిసిన నీళ్ళో ఆమెకి చెప్పినవాళ్ళు లేరు. పీట పోతుందన్న భయం ఎంతుందో ఆ అవమానమూ అంత ఉంది.

కొట్టంలో ఎవరూ లేరు. వెనెరా తన కూజా మూత తీసి, అక్రోటుకాయని అందులో వేసింది. అది బుడుంగున మునిగి తేలింది. గరిటెతో దాన్ని తీసి, తుడవకుండా జేబులో వేసుకుంది. తర్వాత గుమ్మంలో నిలబడి, మేకల నీనో, దెల్ఫో వీధి మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు మొదలుపెట్టింది గరిటెని ఏప్రన్‌కి తుడవడం.

"ఏంటి వెనెరా, అందరికన్నా ముందొచ్చేశావ్? పీటకి టాటా చెప్పుకోడానికా?" అన్నాడు దెల్ఫో.

"కాదన్నా. చిన్న పనుండి."

"ఆ గరిటెందుకు?"

"దాంతో పనైపోయిందిలే. తీసేశాను."

"ఏం తీసేశావ్?"

"కూజాలో ఉన్నదాన్ని."

నీనో మెడ ముందుకి చాచాడు. "ఏ కూజాలో వదినా?"

"అది మాత్రం అడక్కు. పండగపూట ఒకరింటి వైన్‌కి పేరు చెడగొట్టడం నాకిష్టం లేదు."

ఈలోగా మిగతావాళ్ళూ వచ్చారు. మంగలి కొసిమో, బస్సు డ్రైవరు సాంతో, ఒకరితో ఒకరు మాట్లాడుకోని కవల అన్నదమ్ములు, అందరికన్నా పెద్దవాడు పీపాలు చేసే తానో. నీనో వాళ్ళకి నాలుగు మాటలు కలిపి మరీ చెప్పాడు. అందరూ గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఎంతుందమ్మా అది?" అన్నాడు సాంతో.

"ఇంత." వెనెరా రెండు వేళ్ళు ఎడం చేసి చూపించింది.

"రంగు?"

"మట్టి రంగు."

"బతికుందా?"

"కదల్లేదు మరి."

"కాళ్ళెన్ని?"

"నేను లెక్కపెట్టలేదు సాంతో. నాకంత ఓపికెక్కడిది?"

"అయ్య బాబోయ్, బల్లి!" అన్నాడు నీనో. "పోయినేడాది మా పాలతపేలాలో పడిందే, ఆ జాతే!"

"బల్లి అని నేనన్నానా? నువ్వే అన్నావు, అందరూ విన్నారు."

"ఇప్పుడెక్కడుంది?"

"నా జేబులోనే ఉంది. చూస్తావా?"

వెనెరా జేబులో చెయ్యి పెట్టేసరికి ఆరుగురూ ఒక్క గెంతు వెనక్కి గెంతారు. "వద్దొద్దు! అక్కడే ఉండనీ!" అని కొసిమో అరిచిన అరుపుకి గట్టు మీద మేకలు తలలెత్తి చూశాయి. దెల్ఫో మాత్రం కదల్లేదు. వేలు ఊపుతూ ముందుకొచ్చాడు.

"నాటకాలు. మమ్మల్ని బెదరగొట్టి గ్లాసు కొట్టేద్దామని చూస్తున్నావు. నా దగ్గర నీ పప్పులుడకవ్."

"గ్లాసెవరడిగారన్నా? ఈ పూట నన్ను ఎండుమాను చెయ్యి. నోరు తెరిచి అడుగుతున్నాను."

అడగడం అబద్ధం కిందికి రాదు. ఆ సంగతి పొద్దున ఫాదరుని అడిగి మరీ తెలుసుకుంది.

పీట పోయే మనిషి, మూడో గాటు పడబోయే మనిషి, తనంతట తనే ఎండిపోతానంటోంది. అంటే ఆ కూజాల్లో ఉన్నది ఎలాంటిదో! కవలల్లో పెద్దవాడు చిన్నవాడి మొహంలోకి చూశాడు. పదకొండేళ్ళలో వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం అదే మొదలు.

వేళ్ళు చాపారు. దెల్ఫో ఎప్పటిలాగే రెప్పపాటు ఆగి చాపాడు, లెక్క ఎప్పటిలాగే అతని దగ్గరే ఆగింది. కిందివాడిగా తానోని పెట్టుకున్నాడు. తానోకి ఎనభై ఒకటి. ఏం చెప్పినా తలూపి మళ్ళీ కునుకు తీస్తాడు, ఆ గుణమే దెల్ఫోకి నచ్చేది.

"ముందు నా కూజా," అన్నాడు దెల్ఫో. "నా ఇంట్లో బల్లులుండవు. కొసిమో, నీకు పోస్తున్నా."

"నాకా? డాక్టరు వద్దన్నాడు."

"ఏ డాక్టరు? నువ్వు డాక్టరు మొహం చూసి ఇరవయ్యేళ్ళయింది."

"అప్పుడే అన్నాడు."

"సాంతో?"

"సాయంత్రం బస్సుంది బావా."

"పండగనాడు బస్సెక్కడిదిరా?"

"కడగాలిగా!"

నీనో మేరీమాతకి మొక్కుకున్నానన్నాడు. కవలలు ఇద్దరూ ఒక్కసారే కడుపు పట్టుకున్నారు. దెల్ఫో తానో వైపు తిరిగేసరికి ముసలాయన కట్టుడుపళ్ళు తీసి జేబులో వేసుకుంటున్నాడు. "పళ్ళు లేకుండా నేను తాగను నాయనా," అన్నాడు.

బలవంతంగా పొయ్యడానికి నియమం ఒప్పుకోదు. కూజా మిగిల్చడానికి అసలే ఒప్పుకోదు. ఇక ఏ కూజా ప్రమాదమో తెలిసిన మనిషి వెనెరా ఒక్కతే. ఆమెకి పోసి చూస్తే సరిపోతుంది, కానీ పోస్తే ఆమె గొంతు తడుస్తుంది, అల్లుడి పీట గాల్లో కలుస్తుంది. దెల్ఫో మింగలేక కక్కలేక మీసం నమిలాడు. "చెప్పు వెనెరా, ఏ కూజా?"

"ఎండుమానుకి నోరుండదు కదన్నా," అంది వెనెరా, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

దెల్ఫో పీపాలాంటి మనిషే. కానీ ఎనిమిది కూజాలంటే ఇరవై నాలుగు గ్లాసులు. సిలువ గుర్తు వేసుకుని మొదలుపెట్టాడు. తన కూజా మూడు గ్లాసులూ గటగటా తాగి, "చూశారా? ఇదీ వైనంటే! రోడ్డుపక్క మెత్తనేల, దుక్కలాంటి ద్రాక్ష!" అన్నాడు. అందరూ అతని కళ్ళలోకి చూస్తున్నారు, తెల్లగుడ్డు పచ్చబడుతుందేమోనని.

తర్వాత కొసిమోది. "ఇదేంట్రా, గడ్డం గీసిన నీళ్ళలా ఉంది? వానకి భయపడి పచ్చిగానే కోసేస్తావు, పిరికివాడా." సాంతోది దానికి సరిగ్గా తలకిందులు. సెలవు దొరికితేగాని కోతకి వెళ్ళడు గనుక పళ్ళు కొమ్మ మీదే ముగ్గిపోతాయి, వైన్ జామ్‌లా నాలుకకి అంటుకుంది. నీనోది అడవి సోంపు వాసన వేసింది, దాని వెనకాల కొంచెం మేక కూడా. కవలల తోట ఒకటే, మధ్యలో గోడ కట్టుకున్నారు. పాత లావా పారిన చోటు గనుక ఇద్దరి కూజాల్లోనూ కాలిన రాయి వాసనే. "ఒకడిది మొదట తీపి, ఒకడిది చివర తీపి," అన్నాడు దెల్ఫో, నాలుక కాస్త మడత పడుతుండగా. "రెండూ కలిపి పోస్తే రాజుగారు తాగే వైన్ అవుతుంది. మీరు గోడలు కట్టుకుని చావండి!"

అప్పటికి అతని మొహం ఎర్రబడింది. నుదుట చెమట పట్టింది.

"ఎక్కుతోంది," అన్నాడు నీనో గుసగుసగా.

"విషం మొదట చెమట్లు పట్టిస్తుంది, మా మేనత్తకి అలాగే అయింది," అన్నాడు కొసిమో.

"చచ్చిపోయిందా?"

"లేదు. కానీ ఆ తర్వాత మనిషి మనిషి కాదు."

తానో కూజాలో వైన్ కన్నా పీపా చెక్క రుచే ఎక్కువుంది. అది అయ్యేసరికి దెల్ఫో కూర్చున్నచోటే కొంచెం కొంచెం ఊగుతున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. సాంతో లేచి, ఎందుకైనా మంచిదని అతని టోపీ తీసి పక్కన పెట్టాడు. బయట ఎండ గోడ సగానికి దిగింది. వెనెరా గ్లాసులు లెక్కపెడుతూనే ఉంది. ఇరవై ఒకటి. మిగిలింది తన కూజా ఒక్కటే. అది సగమయ్యాక రెండో నియమం బయటికి తీయాలి. అప్పటికి దెల్ఫో ఆమెనొక్కదాన్నే ఎండబెట్టాలనుకున్నా, మిగతా ఆరుగురి గొంతులూ తడపడానికి వైన్ చాలదు. మాట నాలుక చివర సిద్ధంగా పెట్టుకుంది.

దెల్ఫో ఆమె కూజాని రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నాడు. పోసుకున్నాడు. ఇది మాత్రం గటగటా తాగలేదు. ఒక గుక్క తాగి ఆగాడు. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ ఇంకో గుక్క. రెండో గ్లాసూ అలాగే, గుక్క గుక్కగా ముగించాడు.

"బావా, కడుపులో ఎలా ఉంది?" అన్నాడు సాంతో భయంగా.

"నోర్ముయ్. రుచి పోతుంది."

"బల్లి ఇందులోదేనేమో..."

"బల్లి కాదు, మొసలి పడ్డా నేనిది వదల్ను," అన్నాడు దెల్ఫో. నాలుకకి కళ్ళెం పూర్తిగా ఊడిపోయింది. "రెండేళ్ళబట్టి ఈ కూజా ఒక్కణ్ణే ఎందుకు తాగుతున్నాననుకున్నారు? పగా? పగ మొదటేడు మొదటి గ్లాసు వరకే. ఆ తర్వాత మీకు పొయ్యడానికి చెయ్యి రాలేదు. అందరివీ తాగాక దీంతో నోరు కడుక్కుని ఇంటికెళ్ళి పడుకుంటే, పొద్దున లేచేదాకా ఉంటుంది నోట్లో. ఏడాదికి మూడు గ్లాసులు. కొసిమో నీళ్ళు తాగే ఈ నోళ్ళకి ఇదెందుకు దండగ?"

వెనెరా అన్నీ లెక్కపెట్టుకుంది గానీ ఇది లెక్కలో లేదు. ఏడాదిగా దాచుకున్న మాట నాలుక మీంచి జారిపోయింది.

"అన్నా," అంది. "వైనేనా అది?"

"వైనేనా ఏంటి? మీ నాన్నది బరువుగా ఉండేది, తాగాక ఎద్దు మీద కూర్చున్నట్టు. నీది..." దెల్ఫో చెయ్యి కొండ వైపు పైకెత్తి, మాట దొరక్క అలాగే ఉంచేశాడు. "నీది పై గట్టుది."

వెనెరా ఏప్రన్‌తోనే కళ్ళు తుడుచుకుంది. కళ్ళు తుడుచుకోగానే బుర్ర మళ్ళీ పనిచెయ్యడం మొదలుపెట్టింది.

"అయితే నిదానంగా తాగన్నా, ఇదే ఆఖరు. ఈ పూట గాటు పడితే నా పీట మీ అల్లుడిది. వచ్చే ఏడు నా పళ్ళు టౌను లారీ ఎక్కుతాయి."

దెల్ఫో గ్లాసు దించాడు. "లారీయా?"

"మరి ఎక్కడ తొక్కమంటావ్? మా స్నానాల తొట్లోనా?"

ఈ ముక్క అతనికి రెండేళ్ళలో ఒక్కసారైనా తట్టలేదు, అదీ మా దెల్ఫో తెలివి. కూజాలో మిగిలిన ఆఖరి గ్లాసుని చూశాడు, వెనెరాని చూశాడు, దూలం మీద గాట్లని చూశాడు. ఆ గ్లాసు ఆమెకి పోస్తే పీట నిలుస్తుంది. కానీ పొయ్యాలంటే ప్రాణం పోతోంది. కూజాని గుండెకి హత్తుకుని అటూ ఇటూ ఊగాడు. ఒక్కసారిగా మొహం వెలిగింది.

"గాటు లేదు! ఇద్దరెండితే గాటు లేదు, పెద్దల నియమం! మా తాత చెప్పేవాడు. చూడండి, ఆరుగురెండిపోయారు, ఈమెతో ఏడుగురు! ఇంక పీటెలా పోతుంది? ఈ గ్లాసు నాదే!"

ఏడాదిపాటు వెనెరా వెతికి పట్టుకున్న నియమం అది. తన పీట కోసం వాదిస్తున్నవాడు దెల్ఫో. ఆమెకి నవ్వాగలేదు.

అతను గ్లాసులో పోసుకుని ఎత్తబోతుండగా, కునుకు తీస్తున్నాడనుకున్న తానో జేబులోంచి పళ్ళు తీసి నోట్లో పెట్టుకున్నాడు. సరిచేసుకున్నాడు. ఒకసారి కొరికి చూసుకున్నాడు.

"నేనొప్పుకోను," అన్నాడు.

"ఏంటి మావా?"

"కిందివాడు సరేనంటేనే కదరా ఏ గ్లాసైనా? ఇరవై మూడు గ్లాసులకి సరేనన్నాను. దీనికి అనను. అది ఆ పిల్లకి ఇచ్చెయ్."

"మావా, ఒక్క గుక్క..."

"గంట కొడతారు. ఆ పిల్లకి ఇస్తావో, మిగిల్చి నీ పీట పోగొట్టుకుంటావో నీ ఇష్టం."

చర్చి మెట్ల మీద గంట కొట్టేవాడి అడుగుల చప్పుడు వినిపించింది. దెల్ఫో ఆ గ్లాసుని బల్ల మీద ముందుకి తోశాడు. అల్లుణ్ణి కాదు, కన్నకూతుర్ని సాగనంపుతున్నట్టుంది మొహం. వెనెరా అందుకుంది. మూడేళ్ళ తర్వాత, నాన్న కూర్చున్న పీట మీద కూర్చుని, మనుషుల మధ్య, తన వైన్ తను తాగింది. ముందు కొంచెం వగరు, తర్వాత ఎండలో కాగిన రాయి, ఆ తర్వాత గొంతు దిగాక చాలాసేపటిదాకా ఏదో తేలిగ్గా, శుభ్రంగా. బాగుంది. నిజంగానే బాగుంది. గంట మోగింది.

గ్లాసు బోర్లించి, వెనెరా జేబులోంచి అక్రోటుకాయ తీసి బల్ల మీద పెట్టింది. వైన్ పట్టి సగం ఎర్రగా ఉంది.

అందరూ వంగి చూశారు. నీనో అందరికన్నా ఎక్కువసేపు చూశాడు. కొసిమో ఒక్కొక్క కూజానే ఎత్తి నోట్లోకి వంచి చూసుకుని, చుక్క రాలకపోతే కింద పెట్టాడు. మర్తీనో పండగనాడు ఆరుగురు మగాళ్ళు నోరు పిడచకట్టి కూర్చోవడం మా పల్లెలో అదే మొదలు. కవలలు మాత్రం ఒకరినొకరు చూసుకుంటూ "రెండూ కలిపితే రాజుగారి వైన్ అన్నాడ్రా," అని ఏదో గొణుక్కుంటున్నారు.

దెల్ఫో ఆ కాయని వేలితో దొర్లించాడు. "కాళ్ళెన్ని?" అన్నాడు.

"ఇప్పుడు తీరిగ్గా లెక్కపెట్టుకో అన్నా."

అతని నవ్వు కడుపులో మొదలై, మీసం దాకా పాకి, చివరికి మనిషిని పీట మీంచి కింద పడేసింది. లేవడానికి ప్రయత్నించి, మానుకుని, నేల మీంచే అన్నాడు, "వచ్చే ఏడు మొదటి వంతు నీదే వెనెరా. వానకి ముందే. కానీ రెండు కూజాలు తేవాలి."

"ఒక్కటే తెస్తాను," అంది వెనెరా, గాటు పెట్టే కత్తి తానో చేతిలోంచి తీసుకుని అక్రోటుకాయని రెండుగా చీలుస్తూ. "పొయ్యడం మాత్రం నేనే పోస్తాను. నువ్వు బతిమాలుకో."

సగం చెక్క తానోకి ఇచ్చింది. మిగతా సగం నేల మీదున్నవాడి చేతిలో పెట్టింది.